ఒక క్రైస్తవ యూనివర్సిటీలో నా మీద జరిగిన విచారణ

అమెరికాలో చదువు అనగానే మనవాళ్ళు ర్యాంకింగు, ఫీజు, ఓపీటీ (చదువయ్యాక అక్కడే కొంతకాలం పని చేసుకునే అనుమతి) చూస్తారు. అక్కడ మత సంస్థలు నడిపే యూనివర్సిటీలు వందల్లో ఉన్నాయి. వాటిలో చాలాచోట్ల చేరేటప్పుడే ప్రవర్తన నియమావళి మీద సంతకం పెట్టించుకుంటారు. తాగడం, సిగరెట్లు, ఎవరి గదికి ఎవరు ఏ వేళకు వెళ్ళొచ్చు, చివరికి ఎవరిని ప్రేమించొచ్చు అన్నది కూడా అందులో ఉంటుంది. నేను అలాంటి ఒక యూనివర్సిటీలో ఎమ్మెస్‌లో చేరాను. ఆ నియమావళి కింద నా మీద విచారణ జరిగింది. అక్కణ్ణించి బయటికొచ్చి వేరే చోట చదువు ముగించాను.

ఆ యూనివర్సిటీ పేరు రాయను. నాతో మాట్లాడినవాళ్ళు దుర్మార్గులేం కాదు, వాళ్ళ మీద కోపం తీర్చుకోవడానికి ఇది రాయడం లేదు. మా చర్చి సంఘాల నుంచి ఇలాంటి చోట్లకు వెళ్ళే అమ్మాయిలు, అబ్బాయిలు కొందరు నన్ను అడుగుతున్నారు: "అక్కా, ఒకే లింగం వారి మీద ఆకర్షణ ఉండటం తప్పు కాదని నియమావళిలో వాళ్ళే రాశారు కదా, ఇంక భయమెందుకు?" అని. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పగలిగే జవాబు కాదది.

మాది ఒంగోలు, బాప్టిస్టు కుటుంబం. 1878 జూలైలో గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మా వైపు సండే స్కూలు పిల్లలందరికీ తెలుసు. కరువు కాలంలో, అమెరికన్ బాప్టిస్టు మిషనరీల చేతుల మీదుగా, ఎక్కువగా మాదిగ కుటుంబాలు సంఘంలోకి వచ్చాయి. మా ముత్తాతల కథ కూడా అదే. చదువు, ఉద్యోగం, తలెత్తుకుని నడవడం అన్నీ మాకు సంఘం వల్లే వచ్చాయి. నాన్న రిటైర్డ్ టీచరు, సంఘంలో డీకన్. అమ్మ స్త్రీల సమాజంలో పెద్ద. నా విశ్వాసాన్ని ఎవరూ నా మీద రుద్దలేదు. పదమూడేళ్ళప్పుడు నేనే అడిగి బాప్తిస్మం తీసుకున్నాను. ఈరోజుకీ ఆదివారం ఆరాధన మానను. ఇది ముందే చెప్పడం ఎందుకంటే, ఇలాంటి విషయం రాసేవాళ్ళు దేవుణ్ణి వదిలేసినవాళ్ళే అయి ఉంటారని చాలామంది అనుకుంటారు.

నాకు అమ్మాయిల మీదే మనసు పోతుందని ఇంటర్ హాస్టల్లోనే తెలిసింది. 2018 సెప్టెంబర్ 6న స్వలింగ సంబంధం నేరం కాదంటూ 377 సెక్షన్ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు బీటెక్ రెండో ఏడాదిలో ఉన్నాను. మెస్‌లో టీవీ ముందు అమ్మాయిలు ఒకరి ముఖాలొకరు చూసుకుని నవ్వుకున్నారు. నేను ప్లేటు తీసుకుని పక్క బల్లకు వెళ్ళిపోయాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. దేవుడికి మాత్రం రాత్రిపూట చెప్పుకునేదాన్ని.

2021లో ఎమ్మెస్‌కు వచ్చిన అడ్మిషన్లలో ఈ యూనివర్సిటీ ఒక్కటే అసిస్టెంట్‌షిప్ ఇస్తానంది. ట్యూషన్ ఫీజులో పెద్ద భాగం దాంతో పోతుంది. నాన్నకు డబ్బు సంగతి కంటే "విశ్వాసుల మధ్య ఉంటావు" అన్నదే ధైర్యం. నిజం చెప్పాలంటే నాకూ అదే ఇష్టం. క్లాసు మొదలయ్యే ముందు ప్రొఫెసర్ ప్రార్థన చేసే చోటు చదువుకు ఇంకెక్కడ దొరుకుతుంది?

ఐ-20తో (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) పాటు ఒక లింకు వచ్చింది. అది ప్రవర్తన నియమావళి. చదివి, ఆన్‌లైన్‌లో సంతకం చేస్తేనే తర్వాతి పేజీ తెరుచుకుంటుంది. మొత్తం చదివాను. పెళ్ళి అంటే ఒక పురుషుడికీ ఒక స్త్రీకీ మధ్య జరిగేదని, శారీరక సంబంధం ఆ పెళ్ళిలోనే ఉండాలని ఒకచోట. ఆ కింద ఇంకో పేరా: ఒకే లింగం వారి మీద ఆకర్షణ కలగడం దానంతటది నియమోల్లంఘన కాదు, ఆ ఆకర్షణ ప్రకారం నడుచుకోవడం ఉల్లంఘన. ఆ పేరాను మళ్ళీ మళ్ళీ చదివాను. ఒంగోలులో ఏ పాస్టరు అయ్యగారూ వేదిక మీద నుంచి ఆ మాత్రం మాట అనగా నేను వినలేదు. నాలాంటివాళ్ళు ఉంటారని వాళ్ళు ఒప్పుకున్నారు కదా అనిపించింది. ఊరటతోనే సంతకం పెట్టాను. హైదరాబాదు పైగా ప్యాలెస్‌లో వీసా ఇంటర్వ్యూ అయింది, ఆ ఆగస్టులో విమానం ఎక్కాను.

మొదటి సెమిస్టర్ చాలా బాగా గడిచింది. చాపెల్‌లో పాటల బృందంలో చేరాను. ఆమె పరిచయమైంది అక్కడే. అమెరికా అమ్మాయి, నాలాగే పాస్టర్లూ డీకన్లూ ఉన్న ఇంటి పిల్ల. ఆమె గురించి ఇంతకంటే రాయను, ఆ కథ చెప్పుకునే హక్కు ఆమెది. చలికాలం పోయేసరికి మా ఇద్దరికీ సంగతి అర్థమైంది. మేం చేసిందల్లా సాయంత్రం పూట కాంపస్ చెరువు చుట్టూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడవడం, లైబ్రరీలో ఒకరి భుజం మీద ఒకరు తల ఆనించుకుని చదువుకోవడం. మా చుట్టూ ఆడా మగా జంటలు అంతకంటే దగ్గరగానే ఉండేవాళ్ళు. అలాంటి కాలేజీల్లో "రింగ్ బై స్ప్రింగ్" అని ఒక మాట ఉంది. చివరి సంవత్సరం వసంతానికల్లా వేలికి నిశ్చితార్థం ఉంగరం రావాలని. ఆ జంటలను చూసి ప్రొఫెసర్లు మురిసిపోయేవాళ్ళు, వాళ్ళ కోసం ప్రార్థన చేసేవాళ్ళు.

మా అపార్ట్‌మెంట్‌లో ఉండే అమ్మాయే మా సంగతి ఆఫీసులో చెప్పింది. ఆ సంగతి తర్వాత తనే నాతో చెప్పింది, ఏడుస్తూ. నా ఆత్మ కోసం భారపడి చెప్పానంది. ఆ మాట నేను నమ్ముతాను. సంఘంలో పెరిగినవాళ్ళకు ఆ భారం ఎలాంటిదో తెలుసు.

ఒక శుక్రవారం సాయంత్రం మెయిల్ వచ్చింది. స్టూడెంట్ లైఫ్ ఆఫీసు నుంచి, మర్యాదగా, నాలుగు వాక్యాలు: మీ క్షేమం గురించి మాట్లాడాలి, సోమవారం రండి. ఏ ఫిర్యాదు, ఎవరు ఇచ్చారు, నియమావళిలో ఏ భాగం కింద పిలుస్తున్నారు, ఏదీ లేదు. నాతో ఎవరినైనా తీసుకురావచ్చా అని జవాబు రాశాను. కాంపస్‌లో ఉన్నవాళ్ళలో ఒకరిని తెచ్చుకోవచ్చు, అయితే వాళ్ళు మాట్లాడకూడదన్నారు. ఎవరిని పిలవాలి? పిలిచినవాళ్ళకు ముందు నేను అసలు సంగతి చెప్పాలి కదా. ఒంటరిగానే వెళ్ళాను. ఆ శని ఆదివారాల టెన్షన్ మాటల్లో పెట్టలేను. నిద్ర పట్టక గూగుల్‌లో ఒక్క ప్రశ్నే తిప్పి తిప్పి అడిగాను, వాళ్ళు ఇంటికి ఫోన్ చేస్తారా అని.

సోమవారం ఆ గదిలో ఇద్దరున్నారు. ఒకాయన అసిస్టెంట్ డీన్, ఇంకొకావిడ నోట్సు రాసుకుంటోంది. ఆయన ప్రార్థనతో మొదలుపెట్టాడు. తర్వాత, మీరిద్దరూ చేతులు పట్టుకుని తిరుగుతున్నారని ఎవరో ఆందోళనతో మాకు చెప్పారు అన్నాడు. అవునన్నాను. అప్పుడు ఆయన కుర్చీలో ముందుకు వంగి, ఎంతో దయగా, ఒక ప్రశ్న అడిగాడు. "ఇండియాలో స్నేహితురాళ్ళు చేతులు పట్టుకుని నడవడం మామూలే అని విన్నాను. ఇదీ అలాంటిదేనా?"

ఈ అనుభవం మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట అదే. ఆయన చెప్పింది నిజం. ఒంగోలులో కాలేజీ వదిలిన తర్వాత ట్రంకు రోడ్డు మీద అమ్మాయిలు చిటికిన వేళ్ళు పెనవేసుకుని నడుస్తారు, అబ్బాయిలు భుజాల మీద చేతులు వేసుకుని నడుస్తారు, ఎవరూ తిరిగి చూడరు. నేను "అవునండీ, మా దగ్గర అలవాటు" అంటే ఆ ఫైలు అక్కడే మూసేసేవాళ్ళు. ఆయన అడిగిన తీరులోనే తెలుస్తోంది, ఆ జవాబు కోసమే ఆయన ఎదురుచూస్తున్నాడని. నోట్సు రాసే ఆవిడ కూడా పెన్ను ఆపి నా వైపు చూసింది.

"కాదండీ, స్నేహం కాదు. ఆమెను ప్రేమిస్తున్నాను" అన్నాను.

అదే చెరువు గట్టు, అదే నడక, అవే చేతులు. స్నేహం అంటే నేను నిర్దోషిని, ప్రేమ అంటే దోషిని. నేను చేసిన పని ఏదీ మారలేదు. నా మనసులో ఏముందో అడిగారు, దాన్ని బట్టే తీర్పు వచ్చింది. ఆకర్షణ తప్పు కాదు, ప్రవర్తనే తప్పు అని నియమావళి గీసిన గీత ఆ ప్రశ్న ముందు నిలబడలేదు. అది ఆ ఒక్క అధికారి తీరు వల్ల వచ్చిన చిక్కు అనుకోను. నియమం తయారీలోనే ఆ చిక్కు ఉంది. ఒక స్త్రీ ఒక పురుషుడి చెయ్యి పట్టుకుంటే అడగాల్సిన పని లేదు, అనుమతి ఉంది. ఇద్దరు స్త్రీలు పట్టుకుంటే అది "రొమాంటిక్" అవునో కాదో తేల్చాలి. అది తేల్చాలంటే మనసులోకి చూడక తప్పదు.

నన్నడిగే పిల్లలకు చెప్పాలనుకున్నది ఇదే: "ఆకర్షణ తప్పు కాదు" అన్న వాక్యం మీకు రక్షణ అనుకోవద్దు. విచారణ గదిలో మొదట వచ్చే ప్రశ్నే దాని గురించి.

వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది, కొన్ని షరతుల మీదే నన్ను కొనసాగనిస్తామని. ప్రొబేషన్. పాటల బృందం నుంచి తప్పుకోవాలి. ఆమెతో ఒంటరిగా ఉండకూడదు. వారానికోసారి ఒక మెంటర్‌ను కలవాలి. సెమిస్టర్ చివర నా "ఎదుగుదల" మీద ఒక వ్యాసం రాసివ్వాలి. వీటిలో ఏది తప్పినా సస్పెన్షన్ దాకా వెళ్ళొచ్చు. అసిస్టెంట్‌షిప్ "మంచి స్థితి"లో ఉన్న విద్యార్థులకే కాబట్టి వచ్చే ఏడాది దాన్ని మళ్ళీ పరిశీలిస్తాం. సంతకం కోసం కింద చోటు ఉంది.

అమెరికా విద్యార్థికి సస్పెన్షన్ అంటే ఇంటికి వెళ్ళి కూర్చోవడం. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్ళకు అది వీసా సంగతి కూడా. ఈ లెక్క మనవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాలి. ప్రొబేషన్ వల్ల స్టేటస్‌కు ఏమీ కాదు. సస్పెండ్ చేస్తే మాత్రం యూనివర్సిటీ ఆ సంగతి సెవిస్‌లో, అంటే విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థలో, నమోదు చేయాలి, అందులో మన రికార్డు టెర్మినేట్ (రద్దు) అవుతుంది. చదువు పూర్తి చేసినవాళ్ళకు దేశం వదలడానికి 60 రోజులు ఇస్తారు. ఇంటర్నేషనల్ ఆఫీసు అనుమతితో మధ్యలో మానుకుంటే 15 రోజులు. ఇలా టెర్మినేట్ అయితే ఒక్క రోజు కూడా లేదు. కాంపస్‌లో వారానికి 20 గంటల పనీ ఆ రోజుతో ఆగిపోతుంది.

నాకు ఈ లెక్కంతా చెప్పింది ఇంటర్నేషనల్ ఆఫీసులో పనిచేసే మేడమ్. నేనేమీ వివరం చెప్పలేదు, ప్రొబేషన్ అని మాత్రమే చెప్పాను. ఆవిడ తలుపు దగ్గరికి వేసి వచ్చి, "ట్రాన్స్‌ఫర్ కావాలంటే రికార్డు యాక్టివ్‌గా ఉన్నప్పుడే చేసుకో, తర్వాత నేను కూడా ఏమీ చేయలేను" అంది. ముందు కొత్త చోట అడ్మిషన్ తెచ్చుకోవాలి. ఆ లెటర్ చూపించి పాత యూనివర్సిటీలో రిలీజ్ డేట్ పెట్టించుకోవాలి. ఆ తేదీన సెవిస్ రికార్డు కొత్త చోటికి వెళ్తుంది, వాళ్ళు కొత్త ఐ-20 ఇస్తారు. ఐదు నెలల లోపు అక్కడ క్లాసులు మొదలవ్వాలి. ఆవిడకు నా కృతజ్ఞత ఎన్నటికీ తీరదు.

ఇంటికి ఫోన్ చేస్తారా అన్న నా భయానికి జవాబు కూడా దొరికింది. 1974లో వచ్చిన ఫెర్పా అనే చట్టం ప్రకారం, కాలేజీలో చేరిన విద్యార్థి రికార్డుల మీద హక్కు ఆ విద్యార్థిదే. రాతపూర్వక అనుమతి లేకుండా తల్లిదండ్రులకు చూపించకూడదు. అమెరికా ఇన్‌కమ్ టాక్సులో పిల్లల్ని తమ మీద ఆధారపడినవాళ్ళుగా చూపించే తల్లిదండ్రుల విషయంలో మినహాయింపు ఉంది. ఒంగోలులో పెన్షన్ తీసుకునే మా నాన్నకు అది వర్తించదు. ప్రాణాపాయం లాంటి అత్యవసరమైతే వేరు. ఈ చట్టం ప్రభుత్వ నిధులు తీసుకునే మత యూనివర్సిటీలకు కూడా వర్తిస్తుంది. ఇది చదివిన రాత్రి కాస్త నిద్ర పట్టింది.

మెంటర్ ఒక పెద్దావిడ. టీ పెట్టి ఇచ్చేది, నా చదువు గురించి అడిగేది, నా పేరు సరిగ్గా పలకడం నేర్చుకుంది. తర్వాత ఒక వర్క్‌బుక్ తెరిచేది. నాన్నతో నా సంబంధం ఎలా ఉండేది, చిన్నప్పుడు నన్నెవరైనా గాయపరిచారా, నాలో ఆడతనం ఎక్కడ దెబ్బతింది అని అందులో ప్రశ్నలు. మా నాన్న నాకు సైకిలు నేర్పిన మనిషి, నా ఫీజు కోసం ప్లాటు అమ్మిన మనిషి. ఆయనలో తప్పు వెతికితే తప్ప ఆ పేజీలు నిండవు. నేను ఖాళీగా వదిలేసేదాన్ని. ఆవిడ మృదువుగా, "ఇంకా లోతుగా ప్రార్థన చెయ్యి" అనేది.

ఆ ఆలోచనా విధానం ఎక్కడిదో తర్వాత చదివాను. ప్రార్థనతో, కౌన్సెలింగ్‌తో మనిషి ఆకర్షణను మార్చవచ్చని చెప్పే క్రైస్తవ సంస్థలన్నిటికీ పెద్ద దిక్కుగా ఎక్సోడస్ ఇంటర్నేషనల్ అనే సంస్థ 1976 నుంచి ఉండేది. 2013లో దాని అధ్యక్షుడు అలన్ చేంబర్స్ బహిరంగంగా క్షమాపణ చెప్పి సంస్థను మూసేశారు. అంతకు ముందే, 2009లో, అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ చూసి, ఇలా మార్చవచ్చనడానికి తగిన ఆధారం లేదని తేల్చింది. మన దేశంలో కూడా మద్రాసు హైకోర్టు 2021లో ఇలాంటి "మార్పిడి చికిత్స"ను తప్పుపట్టింది, 2022లో జాతీయ వైద్య కమిషన్ దాన్ని డాక్టర్లకు వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. సంస్థ మూతపడి తొమ్మిదేళ్ళయినా, అవే ప్రశ్నలు ఒక మంచి మనసున్న ముసలావిడ టీ బల్ల మీద నా ముందుకొచ్చాయి.

ఆ రోజుల్లోనే నాలాంటివాళ్ళు ఇంకెక్కడ ఉన్నారా అని వెతకడం మొదలుపెట్టాను. యూటా రాష్ట్రం ప్రోవోలో లాటర్ డే సెయింట్స్ (మోర్మన్) సంఘం నడిపే బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ కథ చదువుతుంటే నా గదిలో జరిగిందే చదువుతున్నట్టు అనిపించింది. 2007లో వాళ్ళు కూడా ఆకర్షణ వేరు, ప్రవర్తన వేరు అని నియమావళిలో స్పష్టం చేశారు. 2020 ఫిబ్రవరిలో "స్వలింగ ప్రవర్తన" అన్న భాగాన్ని మొత్తానికే తీసేశారు. విద్యార్థులు నమ్మారు. ఇంక మిగతా జంటల్లాగే చేతులు పట్టుకోవచ్చని బహిరంగంగా సంతోషపడ్డారు, కొందరు ఆ ధైర్యంతోనే తమ సంగతి నలుగురికీ చెప్పుకున్నారు. మార్చి 4న సంఘ విద్యాశాఖ అధిపతి ఉత్తరం వచ్చింది: స్వలింగ ప్రేమ ప్రవర్తన నియమావళికి తగదు అని. మూడు వారాల్లోపే అంతా తిరగబడింది. చెప్పుకున్నవాళ్ళు చెప్పుకున్న మాటను వెనక్కి తీసుకోలేరు కదా. సరిగ్గా ఏడాదికి, 2021 మార్చి 4 రాత్రి, కాంపస్ పైన కొండ మీదున్న పెద్ద "వై" అక్షరాన్ని విద్యార్థులు ఇంద్రధనుస్సు రంగుల దీపాలతో వెలిగించారు. 2023లో ఆ నిషేధాన్ని నియమావళిలోకే తిరిగి రాశారు.

కాలిఫోర్నియాలోని అజూసా పసిఫిక్ యూనివర్సిటీలోనూ ఇలాంటిదే. 2018లో స్వలింగ జంటల మీద నిషేధం తీసేశారు, కొద్ది వారాల్లోనే ట్రస్టీలు మళ్ళీ పెట్టారు, 2019లో మళ్ళీ తీసేశారు. కెనడాలో ట్రినిటీ వెస్టర్న్ యూనివర్సిటీ లా కాలేజీ పెట్టబోతే, అందరితో ఇలాంటి ఒప్పందం చేయించుకుంటున్నారన్న కారణంగా కొన్ని లా సొసైటీలు (లాయర్ల వృత్తిని నియంత్రించే సంస్థలు) గుర్తింపు ఇవ్వలేదు. 2018 జూన్‌లో ఆ దేశ సుప్రీంకోర్టు ఆ లా సొసైటీలనే సమర్థించింది. కొద్ది వారాలకే ఆ యూనివర్సిటీ విద్యార్థులకు ఆ సంతకం తప్పనిసరి కాదంది. ఇవన్నీ చదివాక నాకు తెలిసిందేమిటంటే, ఈ నియమాలు దేవుడు మోషేకు పది ఆజ్ఞలిచ్చిన సీనాయి కొండ మీద నుంచి దిగి వచ్చినవి కావు. బోర్డులో కొందరు కూర్చుని రాస్తారు, తీసేస్తారు, మళ్ళీ రాస్తారు. ఆ మధ్యలో ఉన్న విద్యార్థుల జీవితాలు నలుగుతాయి.

చట్టం వైపు కూడా చూశాను. అమెరికాలో 2015 నుంచి ఇద్దరు స్త్రీలు పెళ్ళి చేసుకోవచ్చు, అన్ని రాష్ట్రాల్లోనూ. అయినా ప్రైవేటు యూనివర్సిటీ తన నియమాలు తాను పెట్టుకోవచ్చు. విద్యాసంస్థల్లో లింగ వివక్ష కూడదనే 1972 నాటి టైటిల్ నైన్ చట్టంలోనే, మత సంస్థల అధీనంలోని కాలేజీలకు తమ సిద్ధాంతాలతో పొసగని మేరకు మినహాయింపు రాసి ఉంది. ఆ మినహాయింపు కావాలని ముందుగా ప్రభుత్వానికి రాయాల్సిన పని కూడా లేదని 2020 నిబంధనల్లో తేల్చేశారు. బ్రిగమ్ యంగ్ మీద విద్యాశాఖ 2021లో మొదలుపెట్టిన దర్యాప్తు 2022 మొదట్లో ఈ మినహాయింపు దగ్గరే ఆగిపోయింది. ఆ మినహాయింపే చెల్లదని రకరకాల మత కాలేజీల విద్యార్థులు, మొదట 33 మంది, 2021 మార్చిలో ఆరెగాన్‌లో ఫెడరల్ కోర్టుకు వెళ్ళారు. 2023లో కేసు కొట్టేశారు, 2024లో అప్పీలు కోర్టు కూడా దాన్నే నిలబెట్టింది. మత స్వేచ్ఛ అంటే నాకు గౌరవమే. మా ముత్తాతలు బాప్తిస్మం తీసుకోగలిగింది ఆ స్వేచ్ఛ వల్లే. కానీ ఆ స్వేచ్ఛ పేరుతో పందొమ్మిదేళ్ళ పిల్లల్ని గదిలో కూర్చోబెట్టి నీ మనసులో ఏముందని అడిగి, చెప్పిన జవాబుకు శిక్ష వేసే అధికారం ప్రజల పన్నుల డబ్బు తీసుకునే సంస్థకు ఉండకూడదని గట్టిగా నమ్ముతాను.

ఆమె ఆ ఏప్రిల్‌లోనే చదువు మానేసి వెళ్ళిపోయింది. ఆమె ఇంటికి ఎవరో చెప్పారు. ఆఫీసు చెప్పలేదు, సంఘం దారిలో వెళ్ళింది మాట. తర్వాత కొన్నాళ్ళు ఉత్తరాలు రాసుకున్నాం. అంతకంటే ఏమీ లేదు.

నాకు ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో అడ్మిషన్ వచ్చింది. పూర్తి చేసిన సబ్జెక్టుల్లో కొన్నిటినే వాళ్ళు లెక్కలోకి తీసుకున్నారు, అసిస్టెంట్‌షిప్ లేదు. డబ్బు కావాలి, డబ్బు కావాలంటే ఇంట్లో కారణం చెప్పాలి. ముందు డాలస్‌లో ఉండే పిన్నికి చెప్పాను. పిన్ని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎండాకాలం సెలవులు మా ఇంట్లోనే ఉండు, బాబాయికి నేను చెప్పుకుంటాలే" అంది. నాన్నకు నేనే చెప్పాను, వీడియో లేకుండా. ఆయన విని, "లోను నేను చూస్తాలే అమ్మా. సంఘంలో మాత్రం ఇప్పుడే చెప్పొద్దు" అన్నారు. ఆ మాట నన్ను నొప్పించింది, ఇప్పటికీ నొప్పిస్తుంది. లోను ఇప్పించిందీ ఆయనే. రెండూ నిజాలే, ఒకదాన్ని ఇంకోదానితో చెరిపేయలేను.

అమ్మ మాత్రం వేరే ప్రశ్న అడిగింది. "వాళ్ళు నిన్ను బల్లకు దూరం పెట్టారా?" అని. మా సంఘంలో తప్పు చేసినవాళ్ళను ప్రభు బల్లలో చెయ్యి వేయనివ్వరు, అందరి ముందూ రొట్టె వాళ్ళను దాటి పక్కవాళ్ళకు వెళ్తుంది. అమ్మకు దాన్ని మించిన శిక్ష తెలియదు. లేదమ్మా, చాపెల్‌లో ఆ ఆదివారాలన్నీ రొట్టె, రసం తీసుకున్నాను, ఎవరూ ఆపలేదు అన్నాను. "అయితే సరే" అంది. ఆ తర్వాత చాలా వారాలు ఈ విషయం ఎత్తలేదు. ఎత్తినప్పుడు కూడా పెళ్ళి మాట రాకుండా జాగ్రత్తగా మాట్లాడింది. అది మాకు పెద్ద మార్పే.

వెళ్ళేముందు ఆ మెంటర్‌కు ఉత్తరం రాసి వర్క్‌బుక్ తిరిగిచ్చేశాను. "ఎదుగుదల" వ్యాసం రాయలేదు.

కొత్త చోట కుదురుకున్నాక, ఫెర్పా కింద పాత యూనివర్సిటీని నా కాండక్ట్ ఫైలు చూపించమని అడిగాను. ఇది ఎవరైనా చేయొచ్చు, వదిలి వెళ్ళినవాళ్ళు కూడా. అడిగిన 45 రోజుల్లోపు చూపించాలి. ఒక్క మెయిల్ చాలు, లాయరు అక్కర్లేదు. ఇతర విద్యార్థుల పేర్లు నల్లరంగుతో కొట్టేసి కాపీలు పంపారు. నోట్సు రాసిన ఆవిడ చేతిరాత అందంగా ఉంది. ఆ మొదటి సోమవారం పేజీలో ఒక వాక్యం: సాంస్కృతిక వివరణకు అవకాశం ఇచ్చాం, విద్యార్థి నిరాకరించింది. దాని కింద, ఫలితం: ఉల్లంఘన నిర్ధారణ.

ఆ వాక్యాన్ని సవరించమని రాశాను. నేను నిరాకరించలేదు, అడిగిన ప్రశ్నకు నిజం చెప్పాను అని. వాళ్ళు కుదరదన్నారు. అప్పుడు విచారణ కోరే హక్కు ఉంటుంది, కోరాను, ఫోన్లో జరిగింది, మళ్ళీ కుదరదన్నారు. అయినా చట్టం ఇంకో దారి ఉంచింది. ఆ రికార్డుతో నేనెందుకు ఏకీభవించడం లేదో రాసి అందులో పెట్టించవచ్చు. ఒక పేజీ రాశాను. చెరువు చుట్టూ ఏం చేశామో, ఆయన ఏం అడిగాడో, నేనేం చెప్పానో, నా జవాబు వేరేలా ఉంటే అదే నడకకు వాళ్ళు ఏ ఫలితం రాసేవాళ్ళో. కోపం లేకుండా రాయడానికి చాలా చిత్తులు చింపేశాను. ఆ ఫైలు వాళ్ళ దగ్గర ఉన్నన్నాళ్ళూ ఆ పేజీని దానితోనే ఉంచాలి, ఆ భాగాన్ని ఎవరికి చూపించినా నా పేజీని కూడా చూపించాలి.